లాభం లేదు

బల్లరాట్‌లో ఆషాఢమంటే
తెల్లారి కారు అద్దమ్మీద మంచు గీకడం.
ఒకప్పుడు బంగారం కోసం
మనుషులు నేలను ఉడతల్లా తొలిచేసిన ఊరు.
ఆ ఊరి లైబ్రరీ వెనక గదిలో ఒకే ఒక్క హీటరు,
దాని చుట్టూ పదకొండు సంస్థలు.

సంస్థలంటే ఏముంది,
పదకొండు అలసిన మొహాలు,
తాళంచెవుల గుత్తులు.
డెస్‌ది రొట్టెలూ డబ్బాలూ పంచే కొట్టు.
అచోల్‌ది రాత్రిళ్లు ఫోనెత్తే బృందం.
బ్రోన్విన్ బొమ్మలు అరువిస్తుంది,
చక్రం ఊడొచ్చిన రైలింజన్లను
మొగుడి చేత బాగుచేయిస్తుంది.
రోడ్డు మీద చచ్చిన కంగారూల సంచుల్లోంచి
పిల్లల్ని తీసి
దిండు గలీబుల్లో పెంచేవాళ్లు కూడా వచ్చారు.
నేను వీళ్లలో నలుగురికి లెక్కలు రాస్తాను.
డాలరు తేడా వస్తే నిద్రపట్టని దాన్ని.

చర్చకు పెట్టింది ఒకటే ప్రశ్న: మనమెవరం?

"గనులవాళ్లకో పేరుంది, గొర్రెలవాళ్లకో పేరుంది,
ఏ ఫారం నింపినా మనం 'ఇతరములు'" అన్నాడు డెస్.
ఉన్న పేరేమో లేమితో మొదలవుతుంది.
ఎవరమ్మా నువ్వు అని అడిగితే
నేను దొంగను కాదండీ అన్నట్టు.

మీ భాషలో ఏమంటారని సరదాకి నన్నడిగారు.
లాభం లేదు, అన్నాను.
మావైపు డాక్టరు బయటికొచ్చి
కళ్లజోడు తీసి అనే మాట అది, అని కూడా చెప్పాను.
నవ్వారు. ఎక్కువసేపు కాదు.

అన్ని గుమ్మాలకూ ఒకే రంగు గుడ్డ కడదామంది బ్రోన్విన్.
ఆకుపచ్చ ఒక పార్టీది.
నీలం ఇంకో పార్టీది.
పసుపు పక్క ఊరి ఫుట్‌బాల్ జట్టుది, చచ్చినా వద్దు.
అక్కడే గంట గడిచింది.

తలుపు తోసుకుని ఒక ముసలావిడ,
పెద్దక్షరాల పుస్తకాల కోసం దారి తప్పి.
హేజెల్ క్విగ్.
"అరె, మీరంతా ఇక్కడే పనిచేస్తారా!
కౌన్సిల్‌కి థాంక్స్ చెప్పాలని ఎన్నాళ్లుగానో.
రొట్టెలు మీవే కదూ. మనవడి చెక్క రైలు మీదే.
ఆసుపత్రికి కారు పంపింది మీరే.
ఆయన పోయిన రాత్రి
ఫోన్లో ఒకమ్మాయి నలభై నిమిషాలు మాట్లాడింది.
ఈ కౌన్సిల్ ఉందే, పన్ను కట్టినా బాధనిపించదు."

డెస్ చెవులు ఎర్రబడ్డాయి.
అచోల్ తల వంచుకుంది.
ఆ గొంతును గుర్తుపట్టిందని నాకర్థమైంది.
చెప్పకూడదన్నది వాళ్ల నియమం.
చెప్పలేదు. తన కుర్చీ జరిపి, హీటరు దగ్గర వేసింది.

నేను వేళ్లమీద లెక్క కట్టాను,
అలవాటు చొప్పున.
ఆవిడ నాలుగు గుమ్మాలెక్కి
నాలుగూ ఒకే ఇల్లనుకుంది.
మేం వెతుక్కుంటున్నది ఈవిడ దగ్గరే ఉంది,
చిరునామా తప్పుగా రాసిన ఉత్తరంలా.

"కౌన్సిల్ కాదమ్మా" అంది బ్రోన్విన్ మెల్లగా.
తర్వాత ఒక చిన్న మాట.
వాళ్ల భాషలో మేముకీ మనకీ అదొక్కటే మాట,
ఏది అందో నాకు తెలియలేదు.
హేజెల్ అప్పటికే సంచిలోంచి
సగం అల్లిన ఉన్ని తిత్తి తీసింది.
"కంగారూ పిల్లకి. ఉన్ని కూడా కౌన్సిలే పంపుతుంది"
అని సూదులు ఆడిస్తూ కూర్చుంది.
గలీబులవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మనం, అని రాసుకున్నాను నేను.

పేరు మాత్రం తేలలేదు. రంగూ తేలలేదు.
గది తొమ్మిదింటివరకే ఇచ్చారు.
మా పిన్ని ఒకావిడ ఉండేది,
వాన నీళ్లు వంటింట్లోకొస్తే
కాసేపు చూసి, కొంగు బొడ్లో దోపి,
ఇలా అయితే లాభం లేదు, అనేది.
ఆ తర్వాతే చీపురు అందుకునేది.

లేచి కప్పులు కడగడం మొదలుపెట్టాను.
నీళ్లు ఐసులా ఉన్నాయి.
పక్కన ఎవరో వచ్చి తుడిచే గుడ్డ అందుకున్నారు,
దాని రంగేమిటో చూడలేదు.